ఏపీఏఆర్‌లో ‘గుడ్’ వస్తే ఇంక్రిమెంటు ఆగుతుందా? పనితీరు జీతం, మన హక్కులు

ప్రశ్న: బెంగళూరులో, కోరమంగల వైపు ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో లెవెల్ 6లో పనిచేస్తున్నాను. వచ్చే ఏడాదికి పదేళ్లు నిండుతాయి, మొదటి ఎంఏసీపీ (ప్రమోషన్ రాకున్నా పదేళ్లకోసారి ఇచ్చే పై లెవెల్ జీతం) రావాలి. గత నాలుగేళ్లు ఏపీఏఆర్ (పై అధికారి ఏటా పదికి మార్కులేసే పనితీరు నివేదిక) 7కి తగ్గలేదు. ఈసారి కొత్త ఆఫీసర్ 5.84 వేశారు, ‘గుడ్’ అని వచ్చింది. ఎనిమిదో పే కమిషన్ పనితీరును బట్టే జీతం పెడుతుందని, ఇంక్రిమెంట్లు ఆపుతారని, 50 ఏళ్లకే ఇంటికి పంపేస్తారని ఆఫీసులో ఒకటే మాటలు. మా ఆవిడ ప్రభుత్వ బ్యాంకులో చీఫ్ మేనేజరు. తమ్ముడు ఇక్కడే ఒక పీఎస్‌యూలో ఎగ్జిక్యూటివ్. మా ముగ్గురికీ ఉన్న హక్కులేంటి?

జవాబు:

అన్నిటికంటే ముందు తారీఖు చూసుకోండి. ఏపీఏఆర్ మీకు వెల్లడించిన రోజు నుంచి రిప్రజెంటేషన్‌కు (మార్కుపై రాతపూర్వక అభ్యంతరానికి) 15 రోజులే గడువు. పే కమిషన్ ఏం రాస్తుందో చూద్దాంలే అని కూర్చుంటే ఈ పదిహేను రోజులూ పోతాయి. మీకు నిజంగా డబ్బు పోయేది అక్కడే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

‘గుడ్’ అన్న మాట చూసి చాలామంది ఊరుకుంటారు. తిట్టలేదు కదా, మెమో ఇవ్వలేదు కదా అనుకుంటారు. కానీ 2016 జులై 25 నాటి తీర్మానంతో ఎంఏసీపీకి కావాల్సిన బెంచ్‌మార్క్ ‘గుడ్’ నుంచి ‘వెరీ గుడ్’కి పెరిగింది. 4 నుంచి 6 లోపు ఉంటే గుడ్, 6 నుంచి 8 లోపు వెరీ గుడ్, 8 నుంచి 10 అవుట్‌స్టాండింగ్. అంటే 5.84 అన్నది మామూలు మార్కు కాదు, గడప ముందే ఆగిపోయిన మార్కు. పైగా 1, 2 వేయాలంటే నిర్దిష్టమైన లోపాలు చూపాలి, 9, 10 వేయాలంటే నిర్దిష్టమైన ఘనత చూపాలి అని సూచనలున్నాయి. మధ్యలో 5, 5.5 వేయడానికి మాత్రం ఎవరూ సంజాయిషీ రాయక్కర్లేదు. అందుకే దెబ్బ ఎక్కువగా ఈ మధ్య అంకెల్లోనే తగులుతుంది, చప్పుడు లేకుండా.

ఇప్పుడు మీ 5.84 ఎలా వచ్చిందో విప్పి చూడండి. చేసిన పనికి 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకు 30, పని నైపుణ్యానికి 30 శాతం వెయిటేజీ. మీ ఫారంలో అవి 5.6, 6.2, 5.8 అనుకుందాం. 5.6లో 40 శాతం 2.24, 6.2లో 30 శాతం 1.86, 5.8లో 30 శాతం 1.74. మొత్తం 5.84. పని భాగం ఒక్కటి 5.6 నుంచి 6కి మారితే 2.40 అవుతుంది, మొత్తం సరిగ్గా 6.00 దగ్గర నిలుస్తుంది. అంటే మీ పోరాటమంతా 0.4 గురించి, అదీ ఒకే ఒక్క భాగంలో. లక్షణాలు, నైపుణ్యం అన్నవి ఆఫీసర్ అభిప్రాయాలు, వాటిని కాగితంతో కొట్టేయడం కష్టం. పని భాగాన్ని లెక్కలతో కొట్టొచ్చు. రిప్రజెంటేషన్ బరువంతా అక్కడే పెట్టండి.

ఆ 0.4 విలువెంతో కూడా తెలియాలి. లెవెల్ 6లో 35,400తో చేరి పదేళ్లకు బేసిక్ 47,600కి వస్తారు. ఎంఏసీపీ వస్తే లెవెల్ 7లో 49,000 దగ్గర ఫిక్స్ అవుతుంది. తేడా 1,400. దానిపై డీఏ, 2025 జులై నాటి 58 శాతం రేటున, 812. బెంగళూరు ఎక్స్ కేటగిరీ నగరం కాబట్టి హెచ్‌ఆర్‌ఏ 30 శాతం, అంటే 420. మొత్తం నెలకు 2,632, ఏడాదికి 31,584. మీరు ఎన్‌పీఎస్ పెన్షన్ పథకంలో ఉంటే ప్రభుత్వం వేసే 14 శాతం వాటాలో నెలకు మరో 310 దాకా తగ్గుతుంది. అసలు నష్టం ఇంకా ముందుంది. అర్హత లేదని మొదటి ఎంఏసీపీ వాయిదా పడితే, ఎన్నాళ్లు ఆలస్యమైందో అన్నాళ్లూ రెండోదీ మూడోదీ కూడా వెనక్కి జరుగుతాయని ఆ పథకంలోనే రాసి ఉంది. ఒక్క ఏడాది మార్కు ముప్పై ఏళ్లూ వెంట వస్తుంది.

రిప్రజెంటేషన్‌లో ఏం రాయాలి? ఒకటిన్నర పేజీ మించకూడదు. ఆఫీసర్‌కు మీపై కోపముందని, కులం, భాష, ప్రాంతం చూసి వేశారని రుజువు లేకుండా ఒక్క ముక్క రాసినా మిగతా లెక్కలన్నీ పక్కకు పోయి, అది ఆరోపణల కాగితమైపోతుంది. వాక్యాలు ఇలా ఉండాలి (అంకెలు ఉదాహరణకు పెట్టినవి, మీవి వేసుకోండి; పెన్ పిక్చర్ అంటే ఫారంలో ఆఫీసర్ మీ గురించి మాటల్లో రాసే భాగం):

“పని విభాగంలో నాకు 5.6 ఇచ్చారు. ఈ ఏడాది నాకు అప్పగించినవి 240 బిల్లులు. మార్చి 31 నాటికి 231 పూర్తి చేశాను. మిగిలిన 9 మంజూరు ఉత్తర్వు రానందున ఆగాయి, ఆ సంగతి ఫిబ్రవరి 12 నాటి నోట్‌లో తెలియజేశాను, ప్రతి జతపరిచాను. ఏడాదిలో నా పనిపై మెమో గానీ, రాతపూర్వకమైన సూచన గానీ రాలేదు. పెన్ పిక్చర్‌లో ‘పనిని సకాలంలో పూర్తిచేసే ఉద్యోగి’ అని రాశారు. ఆ మాటకూ 5.6కూ పొంతన లేదు. గత నాలుగేళ్లుగా నా గ్రేడింగు 7కు తగ్గలేదు. ఈసారి తగ్గించడానికి కారణం రాయలేదు. కాబట్టి పని విభాగం గ్రేడింగును పునఃపరిశీలించ ప్రార్థన.”

ఇందులో ప్రతి వాక్యం వెనక ఒక కాగితం ఉండాలి. గ్రేడు ఒక్కసారిగా పడిపోయినప్పుడు కారణం రాయాల్సిందేనన్న వాదనకు యూపీ జల్ నిగమ్ వర్సెస్ ప్రభాత్ చంద్ర జైన్ కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ఆధారం. చెడ్డ మార్కే కాదు, ఏ మార్కయినా ఉద్యోగికి తెలపాలని 2008లో దేవ్ దత్ కేసులో చెప్పింది, 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. మీరు 5.84 చూడగలుగుతున్నారంటే ఆ తీర్పుల వల్ల, 2009 మే 14 నాటి డీవోపీటీ (కేంద్ర సిబ్బంది విభాగం) ఉత్తర్వు వల్ల.

ఇంకో రెండు సంగతులు ఫారంలోనే వెతకండి. మీకు మార్కులు వేసిన ఆఫీసర్ ఆ ఏడాదిలో కనీసం మూడు నెలలు మీ పని చూశారా? కొత్తగా వచ్చారంటున్నారు కాబట్టి ఆయన చేరిన తేదీ, మీ సెలవుల పట్టీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడు నెలలు నిండకపోతే ఆయనకు రాసే అధికారమే లేదు. రెండోది, రివ్యూయింగ్ ఆఫీసర్ (మీ ఆఫీసర్‌కు పై అధికారి) వేసిన మార్కు. ఆయన ఎక్కువ వేసి ఉంటే అదే మీకు పెద్ద సాక్ష్యం.

ఆన్‌లైన్‌లో స్పారో (ఏపీఏఆర్‌ల వెబ్‌సైటు)లో పంపితే ఆ పేజీని సేవ్ చేసుకోండి. మీ ఆఫీసులో ఇంకా కాగితమే నడుస్తుంటే డైరీ నంబరు, తేదీ, సంతకంతో రసీదు తీసుకోండి. చేతికిచ్చి నమస్కారం పెట్టి వచ్చేస్తే అది ఇచ్చినట్టు కాదు. రిప్రజెంటేషన్ అందిన 30 రోజుల్లో అధికారి తేల్చాలి. జవాబు ఒక్క ముక్కలో ‘పరిశీలించి తిరస్కరించడమైనది’ అని వస్తే అది మంచి ఉత్తర్వు కాదు. మీరు లేవనెత్తిన అంశాలకు కారణాలతో సమాధానం ఉండాలి. ఆ లోపమే క్యాట్ (కేంద్ర ఉద్యోగుల సర్వీసు కేసులు వినే ట్రైబ్యునల్)లో మీకు బలం.

ఈలోగా ఎంఏసీపీ స్క్రీనింగ్ కమిటీ సంగతి. కమిటీలు మామూలుగా జనవరి, జులై మొదటి వారాల్లో కూర్చుంటాయి. అయిదేళ్ల ఏపీఏఆర్‌లలో ఒక్కటి గుడ్ ఉందంటే తలుపు మూసేసినట్టేనా? నిబంధన ప్రకారం కాదు. ప్రమోషన్ల కమిటీ (డీపీసీ) ఫారంపై వేసిన మొత్తం గ్రేడింగు ఒక్కటే చూడకుండా లోపలి రాతలన్నీ చదివి తన అంచనా తానే వేసుకోవాలని 1989 ఏప్రిల్ 10 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆచరణలో జరిగేది వేరు. అడ్మిన్ సెక్షన్ అయిదు గళ్ల పట్టిక వేసి పెడుతుంది, కమిటీ ఆ పట్టికే చూస్తుంది. అందుకని మీ రిప్రజెంటేషన్ ఇంకా పెండింగులో ఉందని కమిటీ కూర్చునేలోపు అడ్మిన్‌కు విడిగా ఒక లేఖ పెట్టండి. కమిటీ తిరస్కరిస్తే ఆర్టీఐ కింద, పది రూపాయల ఫీజుతో, మినిట్స్‌లో మీకు సంబంధించిన భాగం అడగండి.

క్యాట్‌కు వెళ్లాల్సి వస్తే మన బెంచి ఇందిరానగర్ బీడీఏ కాంప్లెక్సులో ఉంది. ఓఏ (అక్కడ వేసే అసలు దరఖాస్తు) ఫీజు 50 రూపాయలు. లాయరు ఖర్చు వేరే సంగతి. ఇక్కడ చాలా కేసులు మెరిట్ మీద కాదు, గడువు మీద పోతాయి. తుది ఉత్తర్వు వస్తే అప్పటి నుంచి ఒక సంవత్సరం. జవాబే రాకపోతే ఆరు నెలలు ఆగి, ఆపైన ఒక సంవత్సరం. చట్టంలో లేని రిప్రజెంటేషన్లు మళ్లీమళ్లీ పెట్టుకుంటూ పోతే గడువు పెరగదని ఎస్.ఎస్. రాథోర్ కేసులో 1989లోనే తేల్చారు. పెద్దసారును మరోసారి కలిసి చూద్దాం అనుకుంటూ రెండేళ్లు గడిపినవాళ్లకు మంచి కేసు ఉండి కూడా ఫలితం ఉండదు.

ఇక ఇంక్రిమెంటు. ఎంఏసీపీ ఆగడం, ఇంక్రిమెంటు ఆగడం ఒకటి కాదు. ఆఫీసు మాటల్లో రెండూ కలిపేస్తున్నారు.

ఫండమెంటల్ రూల్ 24 ప్రకారం ఇంక్రిమెంటు మామూలుగా దానంతట అదే రావాలి, ఎవరైనా ఆపితే తప్ప. నడవడిక బాగోలేదనో, పని తృప్తికరంగా లేదనో ఆపొచ్చని కూడా అదే రూల్లో ఉంది. అంటే పనితీరుకూ జీతానికీ లంకె కొత్తగా రాబోతున్నది కాదు, ఎప్పటినుంచో ఉంది. కానీ శిక్షగా ఆపాలంటే క్రమశిక్షణ నిబంధనలైన సీసీఎస్ సీసీఏ రూల్స్ 1965లో రూల్ 11 కింద అది పెనాల్టీ, రూల్ 16 ప్రకారం ముందు నోటీసు ఇచ్చి, మీ జవాబు తీసుకోవాలి. మూడేళ్లకు మించి ఆపినా, తర్వాతి ఇంక్రిమెంట్లపైనా ప్రభావం పడేలా ఆపినా, పెన్షన్ తగ్గేలా ఆపినా విచారణ జరపాల్సిందే. కుల్వంత్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు ఇలా తర్వాతివాటిపైనా ప్రభావం పడేలా (క్యుములేటివ్‌గా) ఇంక్రిమెంట్లు ఆపడాన్ని పెద్ద శిక్షగానే చూసింది. అప్పీలుకు 45 రోజులు.

మీరు విన్న మాటకు మూలం ఏడో పే కమిషన్. మొదటి 20 ఏళ్ల సర్వీసులో ఎంఏసీపీకి గానీ ప్రమోషన్‌కు గానీ బెంచ్‌మార్క్ అందుకోనివారికి వార్షిక ఇంక్రిమెంటు ఆపాలని జస్టిస్ ఏ.కే. మాథుర్ కమిషన్ సిఫారసు చేసింది. 2016 జులైలో ప్రభుత్వం దాన్ని అంగీకరించింది. ఈ సిఫారసులో అసలు తిరకాసు ఏంటంటే, ఇది శిక్ష కాదంటుంది గనుక రూల్ 16 నోటీసు దారి దీనికి వర్తించదనే వాదన వస్తుంది. అప్పుడు మీకు మిగిలే ఒకే ఒక్క కంచె ఏపీఏఆర్ రిప్రజెంటేషన్. ఎవరైనా ఈ కారణం చెప్పి మీ ఇంక్రిమెంటు ఆపితే, ఏ నిబంధన, ఏ ఉత్తర్వు నంబరు కింద ఆపారో రాతపూర్వకంగా అడగండి. తీర్మానంలో అంగీకరించారన్న మాట వేరు, మీ పే బిల్లును ఆపగలిగే ఉత్తర్వు వేరు.

మన కర్ణాటకలోనే పుట్టిన ఒక తీర్పు ఇక్కడ పనికొస్తుంది. కేపీటీసీఎల్ (రాష్ట్ర విద్యుత్ ప్రసార సంస్థ) వర్సెస్ సీ.పీ. ముండినమణి కేసులో 2023 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు, రిటైరయ్యే ముందు ఏడాది మంచి నడవడికతో పనిచేసినవారికి ఆ ఏడాది ఇంక్రిమెంటు దక్కాలంది. ఇంక్రిమెంటు అనేది చేసిన సర్వీసుకు సంపాదించుకున్నది అని దాని సారం. అలాగని రాబోయే రోజుల నిబంధనలు మార్చకుండా ప్రభుత్వాన్ని ఆపలేం. ప్రభుత్వోద్యోగం ఒప్పందం కాదు, హోదా, కాబట్టి షరతులను ప్రభుత్వం తనంతట తాను మార్చొచ్చని రోషన్ లాల్ టాండన్ కేసు (1967) చెప్పింది. అప్పటికే చేతికందిన హక్కును వెనక తేదీతో లాక్కోకూడదని రంగధామయ్య కేసు (1997) చెప్పింది. మన రక్షణ ఈ రెండిటి మధ్య ఉంది. రాజ్యాంగం 311 అధికరణం డిస్మిస్, రిమూవల్, హోదా తగ్గింపు, ఈ మూడిటికే. ఇంక్రిమెంటు కేసులో దాన్ని పట్టుకుని లాభం లేదు.

ఎనిమిదో కమిషన్ సంగతికొస్తే, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ చైర్‌పర్సన్, ఇక్కడి ఐఐఎం ప్రొఫెసర్ పులక్ ఘోష్ ఒక సభ్యులు. విధివిధానాలను కేబినెట్ 2025 అక్టోబరు 28న ఆమోదించింది, నివేదికకు 18 నెలల గడువు. ఇప్పుడున్న బోనస్ పథకాలు పనితీరుకు ఎంత పనికొస్తున్నాయో చూడమని వాటిలో ఉంది. కమిషన్ ఏం రాసినా అది సిఫారసే. కేబినెట్ ఒప్పుకుని, నిబంధన మార్చేదాకా మీ జీతం మారదు.

పనితీరుకు డబ్బివ్వడం తప్పని నేననను. జీతం పైన అదనంగా, బృందానికంతటికీ ఇస్తే అది పనిచేస్తుంది. రైల్వేలో 78 రోజుల బోనస్ అలాంటిదే. నెలకు 7,000 పరిమితి పెట్టి లెక్కకడితే గరిష్ఠంగా 17,951 వస్తుంది, గ్యాంగ్‌మన్‌కైనా క్లర్కుకైనా. అంతరిక్ష, అణుశక్తి విభాగాల్లోనూ ఆరో పే కమిషన్ తర్వాత ప్రోత్సాహక పథకం పెట్టారు. మూల జీతంలోంచి తీసి, మనిషికి మనిషిని పోటీ పెట్టి ఇచ్చే పద్ధతిని మాత్రం గట్టిగా వ్యతిరేకించాలి. ప్రభుత్వ పనిలో అంకె ఎంత తేలిగ్గా అబద్ధమాడుతుందో సెక్షన్‌లో కూర్చున్నవాళ్లకు తెలుసు. మార్చిలో పెండెన్సీ తగ్గించమని ఒత్తిడి వస్తే ఫైలు తేలదు, ఒక కొర్రీ వేసి వెనక్కి పంపుతారు. లెక్కలో అది డిస్పోజల్. ఏప్రిల్‌లో అదే ఫైలు కొత్త నంబరుతో తిరిగొస్తుంది. నష్టపోయేది కౌంటరు దగ్గర నిలబడ్డ పెన్షనరు. చిక్కు ఫైలు తీసుకుని నెలంతా కుస్తీపట్టిన ఉద్యోగికి అంకె తక్కువ, తేలిక ఫైళ్లు ఏరుకున్నవాళ్లకు ఎక్కువ. ఇదంతా సంఘాల ద్వారా జేసీఎం (ప్రభుత్వం, ఉద్యోగ సంఘాలు కలిసి కూర్చునే వేదిక)లో చెప్పాల్సిన మాట. సమ్మె దారి మనకు మూసే ఉంది. కండక్ట్ రూల్ 7 అడ్డం, 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో సమ్మె ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

50 ఏళ్లకు పంపేస్తారన్న భయం ఒక ‘గుడ్’తో పెట్టుకోకండి. ఫండమెంటల్ రూల్ (ఎఫ్‌ఆర్) 56(జె) కింద గ్రూప్ ఏ, బీలో 35 లోపు చేరినవారికి 50 దాటాక, మిగతావారికి 55 దాటాక సమీక్ష చేస్తారు. అయిదేళ్లలో ప్రమోషన్ వచ్చి ఆ పోస్టులో పని తృప్తికరంగా ఉంటే సాధారణంగా పనికిరాడన్న కారణంతో పంపరని 2020 ఆగస్టు 28 ఉత్తర్వు చెబుతోంది. ఉత్తర్వు వస్తే మాత్రం మూడు వారాల్లోనే రిప్రజెంటేషన్ పెట్టాలి.

మీ ఆవిడ గారి విషయం వేరు. 2020 నవంబరు 11 నాటి పదకొండో ద్వైపాక్షిక ఒప్పందంతో వచ్చిన ప్రోత్సాహకం బ్యాంకు ఆపరేటింగ్ లాభం పెరుగుదలను బట్టి అందరికీ ఒకేలా ఉండేది. అయిదు శాతంలోపు పెరిగితే ఏమీ లేదు, 5 నుంచి 10 వరకు అయిదు రోజుల జీతం, 10 నుంచి 15 వరకు పది రోజులు, ఆపైన పదిహేను రోజులు. 2024 నవంబరులో ఆర్థిక సేవల విభాగం స్కేల్ 4, ఆపైవారికి వేరే పథకం తెచ్చింది. చీఫ్ మేనేజరు అంటే స్కేల్ 4, సరిగ్గా ఆ గీత మీదే ఉన్నారు. 2025 మార్చి 24, 25 తేదీల్లో సంఘాలు తలపెట్టి వాయిదా వేసిన సమ్మెలో ఇదీ ఒక డిమాండు. క్లర్కులకు కుదిరిన ఒప్పందానికి కార్మిక చట్టపు బలముంది, ఆఫీసర్ల జాయింట్ నోట్‌కు (వారి సంఘాలతో రాసుకున్న పత్రానికి) అదే బలం లేదు. అందుకే ఆవిడ తన టార్గెట్లను ఏడాది మొదట్లోనే రాతపూర్వకంగా తీసుకుని, మధ్యలో మారితే అభ్యంతరాన్ని ఈమెయిల్లో నమోదు చేసుకోవాలి.

తమ్ముడి పనితీరు జీతానికి (పీఆర్‌పీకి) 2017 ఆగస్టు 3 నాటి డీపీఈ (పీఎస్‌యూలను చూసే కేంద్ర విభాగం) ఉత్తర్వు వర్తిస్తుంది. సంస్థ మార్కు 50 శాతం, బృందం 30, వ్యక్తి 20. సంస్థ ఎంవోయూ (ప్రభుత్వంతో చేసుకునే లక్ష్యాల ఒప్పందం) రేటింగ్ ఎక్సలెంట్ అయితే ఆ భాగం పూర్తిగా, వెరీ గుడ్ అయితే 75 శాతం, గుడ్ అయితే సగం. ప్రధాన వ్యాపారంలో లాభం లేకపోతే పీఆర్‌పీ ఉండదు, మనిషి ఎంత బాగా చేసినా. పది శాతం మందికి బలవంతంగా చివరి ర్యాంకు ఇవ్వాలన్న పాత షరతును తప్పనిసరి కాకుండా చేశారు, ఎక్సలెంట్ మాత్రం గ్రేడులో 15 శాతం మందికి మించకూడదు. ‘నీకు ఎక్సలెంటే రావాలి, కోటా అయిపోయింది’ అని పైవాళ్లు నోటితో చెప్తే, అది రాతలో ఉండదు కాబట్టి అప్పీలుకు పనికిరాదు. సంస్థలోని అప్పీలు గడువు ముందు కనుక్కోమనండి. 311 అధికరణం అతనికి లేదు, దారి సాధారణంగా హైకోర్టే.

చివరిగా మీ ఆఫీసులోనే ఈ రోజు చేయగలిగింది. వచ్చే ఏప్రిల్ 15కు సెల్ఫ్ అప్రైజల్ ఇవ్వాలి. అప్పుడు కూర్చుని గుర్తుతెచ్చుకుంటే పది పనుల్లో మూడే గుర్తొస్తాయి. ఒక చిన్న నోటుబుక్కులో ప్రతి నెలాఖరున అందినవి, తేల్చినవి, ఆగినవి, ఎవరివల్ల ఆగాయి, ఏ తేదీ నోటులో చెప్పారు అని నాలుగు లైన్లు రాసుకోండి. ఆగిన ప్రతి ఫైలు గురించీ అప్పటికప్పుడే రెండు వాక్యాల నోటు పైకి పెట్టండి. ఈసారి ఫిబ్రవరి 12 నోటు లాంటిదే మీ చేతిలో లేకపోతే, రిప్రజెంటేషన్‌లో ఆ వాక్యం రాయడానికి వీలుండదు.